ఆఖరి రౌండుకే అన్ని మార్కులైతే ఇంత తతంగమెందుకు?

టీవీలో ఆడవాళ్లకూ మగవాళ్లకూ పోటీ అంటారు. నాలుగు రౌండ్లకు పదేసి మార్కులు, చివరిదానికి 50. ముందు నాలుగూ గెలిచి 40 తెచ్చుకున్న జట్టు ఆ ఒక్కటి పోతే ఓడినట్టే. మరి గంటసేపు మనల్ని కూర్చోబెట్టడం దేనికి?

ఆటలైతే ఇంకా అన్యాయం. మగవాళ్లను దోసె పొయ్యమంటారు, చెడితే నవ్వుతారు. మా కడప హోటళ్లలో కారం దోసె పోసేది చాలాచోట్ల మగవాళ్లే కదా! తప్పు పెనానిది. పెద్ద మంట మీద కాగిపోయిన పెనంపై పిండి పడీ పడగానే గట్టిపడి గరిటెకు చుట్టుకుంటుంది. నీళ్లు చిలకరించి, సగం కోసిన ఎర్రగడ్డతో రుద్ది, వేడి తగ్గాక పొయ్యాలి. రెండు నిమిషాల గడువులో అదెక్కడ కుదురుతుంది? ఎర్రగడ్డ కూడా అక్కడ పెట్టరు.

ఆడవాళ్లకేమో జాకీ మీద లేపిన కారు చక్రం ఇచ్చి నట్లు విప్పమంటారు. గాల్లో ఉన్న చక్రం స్పానరుతో పాటే తిరుగుతుంది, ఎంత బలమున్నా నట్టు కదలదు. నేల మీద ఉన్నప్పుడే అర చుట్టు వదులు చేసుకుని, తర్వాత జాకీ ఎత్తాలి. ఇది మెకానిక్కు షెడ్డులో పిల్లోడికి కూడా తెలుసు. అది చెప్పకుండా ఆడవాళ్లకు చేతకాదని తేల్చేస్తే ఎంత బాధగా ఉంటుంది!