త్రుటి నానోసెకను కంటే చిన్నదా?

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పది రోజులుగా ఒక సందేశం తిరుగుతోంది. మా పెదనాయన పంపారు. ఇక్కడ అనంతపురంలో నా దగ్గర లెక్కలు చెప్పించుకునే పిల్లల ఫోన్లలోనూ అదే ఉంది. అందులో ఉన్నది ఇది: త్రుటి అంటే సెకనులో 33,750వ వంతు, అది నానోసెకను కంటే చిన్నది. మన గ్రంథాలన్నీ ఈ కొలతల్ని ఒకే రకంగా చెప్పాయి. పూర్వీకులు త్రుటిని కొలిచి చూపించారు. ఇంగ్లీషు 'అవర్' మన అహోరాత్రంలోంచి పుట్టింది. ఘడియల్ని 24తో గుణిస్తే నిమిషాలు వస్తాయి, ఏ ఊళ్లోనైనా అంతే.

"దీంట్లో చాలా తప్పులున్నాయి పెదనాయనా" అని ఫోన్ చేశాను. "ఏది తప్పో రాసి పంపు, చదువుతా" అన్నారు. అందుకే రాస్తున్నా.

33,750 అంకె నిజమే. 1150లో భాస్కరాచార్యుడు రాసిన సిద్ధాంత శిరోమణిలోని లెక్క అది. 18 నిమేషాలు (నిమిషాలు కాదు, రెప్పపాట్లు) ఒక కాష్ఠ, 30 కాష్ఠలు ఒక కల, 30 కలలు ఒక ఘటిక (అంటే ఘడియ), 60 ఘటికలు ఒక రోజు. అంటే రోజుకు 9,72,000 నిమేషాలు. నిమేషంలో 30వ వంతు తత్పర, తత్పరలో నూరో వంతు త్రుటి. రోజులోని 86,400 సెకన్లను ఇలా పంచుకుంటూ పోతే సరిగ్గా ఆ 33,750 దగ్గరికే వస్తాం.

తప్పంతా ఆ తర్వాతి మాటలో ఉంది. సెకనులో వెయ్యో వంతు మిల్లీసెకను, దాంట్లో వెయ్యో వంతు మైక్రో, దాంట్లో వెయ్యో వంతు నానో. త్రుటి దాదాపు 30 మైక్రోసెకన్లు, అంటే 30 వేల నానోసెకన్లు. వెలుతురు ఒక నానోసెకనులో పిల్లల స్కేలంత దూరం, 30 సెంటీమీటర్లు, పోతుంది. అదే వెలుతురు టవర్‌క్లాక్ దగ్గర బయల్దేరితే ఒక త్రుటిలో దాదాపు 9 కిలోమీటర్లు పోయి ఊరు దాటేస్తుంది.

గ్రంథాలన్నీ ఒకే లెక్క చెప్పాయన్నది అస్సలు నిలవదు. భాగవతం తృతీయ స్కంధంలోనూ త్రుటి ఉంది. ఆ వరస ప్రకారం లెక్క కడితే అది భాస్కరుడి త్రుటికి 16 రెట్లు. క్షణం సంగతి చూడండి. భాగవతంలో అది సెకనుకు కాస్త ఎక్కువ, 1.28 సెకన్లు. అమరకోశంలో 12 క్షణాలు ఒక ముహూర్తం (48 నిమిషాలు) కాబట్టి క్షణం అంటే 4 నిమిషాలు. భాస్కరుడికి క్షణం అంటే రెండు ఘటికలు, 48 నిమిషాలు! అందుకే ఏ గ్రంథమో చెప్పకుండా "ఒక క్షణం ఇన్ని సెకన్లు" అని ఎవరైనా అంటే నమ్మకండి.

కొలిచారా? దీని గురించి కొంచెం ఎక్కువ రాయాలి. సూర్య సిద్ధాంతం అనే పాత ఖగోళ గ్రంథం కాలాన్ని రెండుగా విడదీసింది. ప్రాణం (4 సెకన్ల కాలం) మొదలుకొని పైవన్నీ మూర్తం, వ్యవహారానికి పట్టుబడేవి. త్రుటి మొదలైనవి అమూర్తం, లెక్కలోనే ఉండేవి. కొలిచారని సందేశం అంటోంది, అది అమూర్తమని ఆ గ్రంథమే చెబుతోంది. కొలిచే పరికరం గురించి కూడా అందులో ఉంది: అడుగున చిల్లు ఉన్న రాగి గిన్నెను నీళ్ల మీద పెడితే పగలూ రాత్రీ కలిపి 60 సార్లు మునుగుతుంది. ఒక్కో మునక ఒక్కో ఘడియ.

నిజంగా గర్వపడాల్సింది ప్రాణాన్ని చూసి. ఆర్యభటుడు 60 గురు అక్షరాలు (దీర్ఘంగా పలికేవి) పలికే కాలాన్ని ఒక విఘడియ (ఘడియలో 60వ వంతు) అన్నాడు, అదే ఆరు ప్రాణాలు. అంటే పది గురువులు ఒక ప్రాణం, 4 సెకన్లు. మొన్న పిల్లల చేత స్టాప్‌వాచ్ పెట్టి పదిసార్లు "మా" అనిపించాను. ఒకడికి మూడున్నర వచ్చింది, ఇంకో పాపకు నాలుగుంపావు. రోజుకు ప్రాణాలు 21,600. వృత్తంలో 360 డిగ్రీలు, డిగ్రీకి 60 కలలు (ఇవి కోణం కొలిచే కలలు, పైన చెప్పిన కాలం కలలు కావు), అవీ 21,600. ఒక ప్రాణంలో ఆకాశం ఒక కల తిరుగుతుందన్నమాట. ఇంత చక్కటి లెక్కను వదిలేసి నానోసెకను వెంట పడటం నాకు బాధగా ఉంటుంది.

'అవర్' మాట గ్రీకు 'హోరా' నుంచి లాటిన్ మీదుగా వచ్చింది. మన జ్యోతిషంలోని హోర కూడా గ్రీకు నుంచి వచ్చిందే. అహోరాత్రంలో మొదటి, చివరి అక్షరాలు పోతే హోర అవుతుందని "కొందరు" అంటారని వరాహమిహిరుడు రాశాడు. అది ఆ సంస్కృత పదం గురించిన మాట, ఇంగ్లీషు గురించి కాదు.

ఇక ఘడియల్ని మార్చడం. ఘడియ 24 నిమిషాలు, విఘడియ 24 సెకన్లు, అక్కడిదాకా సరే. పోయినేడు మా చిన్నమ్మ కూతురి పెండ్లిలో పంచాంగం చూస్తే ఘ. 12-35 అని ఉంది. ఒక పిల్లోడు ఫోన్లో 12.35ను 24తో గుణించి, సూర్యోదయం 6.02కు కలిపి, 10.58 అన్నాడు. జీలకర్ర బెల్లం ఎక్కడ అని ఆడవాళ్లంతా ఒకటే టెన్షన్. 35 విఘడియలంటే ఘడియలో నూటికి 35 వంతులు కాదు, అరవైకి 35 వంతులు. 12 ఘడియలు 288 నిమిషాలు, 35 విఘడియలు 14 నిమిషాలు. మొత్తం 5 గంటల 2 నిమిషాలు, అంటే 11.04. "ఇంకా ఆరు నిమిషాలుందమ్మా, కూర్చోండి" అని పురోహితుడు చెప్పేదాకా ఎవరూ నిమ్మళించలేదు.

ఏ ఊళ్లోనైనా అంతే అన్నది ఇంకా పెద్ద తప్పు. పంచాంగంలో ఘడియలు సూర్యోదయం నుంచి మొదలవుతాయి. మన గడియారాలు నడిచేది కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి. అనంతపురం దానికి దాదాపు 5 డిగ్రీలు పడమర. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున ఇక్కడ సూర్యోదయం దాదాపు 20 నిమిషాలు ఆలస్యం. కడపకూ మనకూ మధ్యే దాదాపు 5 నిమిషాలు, అంటే 12 విఘడియలు.

పెదనాయనా, మీ ఇంట్లో ఉన్న పంచాంగంలో సూర్యోదయం ఏ ఊరికి వేశారో ముందు చూడండి. అది అనంతపురం కాకపోతే ఫోన్ చేయండి, తేడా ఎంతో నేను కట్టి చెబుతాను.