అమ్మాయికి డెల్టా-32 ఉందా?

పెళ్ళి సంబంధాలు చూసే పెద్దలకు ఒక మనవి. జాతకాల్లో 36కి ఎన్ని పాయింట్లు వచ్చాయో చూస్తున్నారు. కుజదోషం చూస్తున్నారు. అమ్మాయి చెప్పిన ఎత్తు చెప్పులతోనా, చెప్పులు లేకుండానా అని కూడా ఆరా తీస్తున్నారు. అసలు చూడాల్సింది మాత్రం వదిలేస్తున్నారు. దాని పేరు సీసీఆర్5.

ఇది గ్రూప్స్ పరీక్షలో పేపర్ కాదు. మన తెల్లరక్తకణాల మీద ఉండే ఒక గుమ్మం. హెచ్ఐవీ ఎక్కువగా ఇందులోంచే లోపలికి వస్తుంది. కొందరికి ఆ గుమ్మాన్ని కట్టే జన్యువులో 32 అక్షరాలు ఎగిరిపోయి ఉంటాయి, దాన్నే డెల్టా-32 అంటారు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా అలాంటిదే వస్తే గుమ్మమే కట్టరు, వైరస్ బయటే నిలబడుతుంది. పెరటి గుమ్మంలోంచి వచ్చే రకాలు కొన్ని ఉన్నాయనుకోండి, అవి అరుదు. ఈ సంగతి 1996లోనే బయటపడింది. మన పంచాంగాలకు ఇంకా అందలేదు.

అమ్మాయికే ఎందుకు, అబ్బాయికి చూడొచ్చుగా అంటారేమో. మొన్న ఒక పెళ్ళిచూపుల్లో ఆ పొరపాటు జరిగింది. పిల్ల తండ్రి గొంతు సవరించుకుని, "బావగారూ, ఏమీ అనుకోకండి, పిల్లలిద్దరికీ ఒకసారి హెచ్ఐవీ టెస్ట్ చేయిస్తే టెన్షన్ ఉండదు కదా" అన్నాడు. అబ్బాయి తల్లి చేతిలో ఉప్మా స్పూన్ గాల్లోనే ఆగిపోయింది. "మా వాడు అలాంటివాడు కాదండీ!" అంది. ఇంత కచ్చితమైన రిపోర్టు ఏ ల్యాబూ ఇవ్వలేదు. సంబంధం అక్కడితో సరి.

కాబట్టి అబ్బాయిని అడగడం మర్యాద కాదు. అతను ఏం తెచ్చినా తట్టుకునే పిల్లను వెతుక్కోవడమే పెద్దమనుషుల పద్ధతి.

ఇక్కడ ఒక చిక్కుంది. రెండు వైపులా డెల్టా-32 ఉన్నవాళ్ళు ఉత్తర యూరప్ మూలాలున్న జనంలోనే నూటికి ఒక్కరు. మన దగ్గర దాదాపు లేరు. కౌండిన్య, కాశ్యప, భారద్వాజ అని గోత్రాలు తిరగేసి లాభం లేదు, స్వీడన్ గోత్రం కావాలి. సగోత్రం బాధ తప్పుతుంది, అదొక్కటే ఊరట.

స్వీడన్ పిల్ల దొరక్కపోతే కెన్యాలోని నైరోబీ పద్ధతి ఉంది. అక్కడి పుమ్వాని పేదవాడలో 1985 నుంచి నైరోబీ, కెనడాలోని మానిటోబా యూనివర్సిటీల వాళ్ళు సెక్స్ వర్కర్ల ఆరోగ్యాన్ని గమనిస్తూ వచ్చారు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పాజిటివ్ అవుతున్నా కొద్దిమందికి మాత్రం ఏళ్ళు గడిచినా అంటలేదు. వాళ్ళ సీసీఆర్5 గుమ్మం మామూలుగానే ఉంది. తేడా మరోచోట కనిపించింది. ఒంట్లో ఇంటివాడెవడో దొంగెవడో పసిగట్టే హెచ్ఎల్ఏ జన్యువుల్లో కొన్ని రకాలు, ఐఆర్ఎఫ్1 అనే జన్యువులో చిన్న చిన్న మార్పులు. గొప్ప పరిశోధన, టీకా తయారీకి దారి చూపిస్తుందేమోనని చేసినది. మనకు పనికొచ్చే ముక్క వేరే ఉంది. కొన్నాళ్ళు ఆ వృత్తికి విరామమిచ్చిన వాళ్ళలో కొందరికి ఆ రక్షణ సడలి, తర్వాత వైరస్ సోకింది. అంటే అలవాటు తప్పకూడదన్నమాట. కోడళ్ళను పుట్టింటికి పంపడం మానేయాలి. ఆషాఢాన్ని తక్షణం రద్దు చేయాలి.

చైనావాడు ఇంకో అడుగు ముందుకేశాడు. హే జియాన్‌కుయ్ అనే శాస్త్రవేత్త 2018లో కవల ఆడపిల్లల సీసీఆర్5 జన్యువుల్ని వాళ్ళు పిండాలుగా ఉండగానే కత్తిరించి, హెచ్ఐవీ రాకుండా చేశానన్నాడు. ఇంతకీ హెచ్ఐవీ ఎవరికి? తండ్రికి. తండ్రి నుంచి బిడ్డలకు రాకుండా వీర్యాన్ని శుద్ధి చేసే పద్ధతి అప్పటికే ఉంది, ఆయనా దాన్ని వాడాడు. అయినా కత్తెర పట్టాడు. చివరికి వచ్చింది అచ్చమైన డెల్టా-32 కూడా కాదు. 2019 డిసెంబరులో కోర్టు మూడేళ్ళు జైలు వేసింది. జబ్బు నాన్నకి, మరమ్మతు కూతుళ్ళకి. ఇంత మన ఇంటి పద్ధతి అంత దూరం ఎలా పాకిందో!

మన దేశంలో తొలి కేసులు 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సాలమన్, ఆమె విద్యార్థిని నిర్మల పట్టుకున్నారు. సెక్స్ వర్కర్ల రక్తం పరీక్షిస్తే బయటపడ్డాయి. వాళ్ళ దగ్గరికి వచ్చిపోయినవాళ్ళ పేర్లు మాత్రం ఏ రిజిస్టర్లోకీ ఎక్కలేదు. ఆ తర్వాత 1997లో పుణే నుంచి, 2000లో చెన్నై నుంచి వచ్చిన అధ్యయనాల్లో పాజిటివ్‌గా తేలిన ఇల్లాళ్ళలో చాలామందికి జీవితంలో తెలిసిన మగవాడు ఒక్కడే, తాళి కట్టినవాడు. వాళ్ళకు రిస్క్ ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవడానికి జన్యు పటం అక్కర్లేదు, పెళ్ళి ఆల్బం తెరిస్తే పక్కనే నిలబడి నవ్వుతున్నాడు.

2021 అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెద్దవాళ్ళలో 0.67 శాతం మందికి హెచ్ఐవీ ఉంది. తెలంగాణలో 0.47. దేశ సగటు 0.21. ఇవన్నీ పక్కింటివాళ్ళ లెక్కలు, మనవాడు అలాంటివాడు కాదు.

2017 నాటి హెచ్ఐవీ చట్టం ప్రకారం మనిషి ఒప్పుకోకుండా హెచ్ఐవీ టెస్ట్ చేయకూడదు. మంచి చట్టమే, నేనూ సమర్థిస్తాను. ఒప్పుకోవాలంటే ముందు ఎవరైనా అడగాలి కదా, అక్కడే ఉప్మా స్పూన్ అడ్డం వస్తోంది.

సర్కారు ఆసుపత్రిలోని ఐసీటీసీ, అంటే హెచ్ఐవీ సలహాలు, పరీక్షల సెంటర్లో టెస్ట్ ఉచితం, వివరాలు బయటికి చెప్పరు. సెంటర్ ఎక్కడుందో తెలియకపోతే 1097కి ఫోన్ చేయొచ్చు. ఆ పెళ్ళిచూపుల అబ్బాయికి ఇప్పుడు ఇంకో సంబంధం కుదిరింది. ఆదివారం అతనికి ఖాళీ లేదట, సోమవారం మీటింగులట, మంగళవారం సంగతి సరేసరి. నా సలహా విని అమ్మాయి బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పి జన్యు పరీక్షకు పంపడానికి మాత్రం ముహూర్తం పెట్టేశారు. శుక్రవారం ఉదయం 10 గంటల 20 నిమిషాలకు, వర్జ్యం తగలకుండా.