కళ్లు మూసుకోండి సిస్టర్

మే 12 దగ్గరపడితే చాలు, మన కార్పొరేట్ ఆసుపత్రులకు నర్సుల అంతరాత్మ మీద ఎక్కడలేని బెంగ పుట్టుకొస్తుంది. ఆధునిక నర్సింగుకు పునాది వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టినరోజు, నర్సుల దినోత్సవం కదా. ఒక కేకు, ఒక ఫ్లెక్సీ, ఒక మోటివేషనల్ స్పీకరు. కేకు తినొచ్చు, ఫ్లెక్సీ చూడకుండా పోవచ్చు. స్పీకరును ఏం చెయ్యాలి?

నైట్ డ్యూటీ దిగి, హ్యాండోవర్ ఇచ్చి బస్సెక్కాల్సిన వాళ్లను సెమినార్ హాల్లో కూర్చోబెడతారు. అంశం 'వృత్తిలో ఆత్మసంతృప్తి'. హాజరు తప్పనిసరి. ఒత్తిడి తగ్గించుకోవడానికి రానివాళ్లకు మెమో.

సూటు వేసుకున్న సారొకాయన, జన్మలో బెడ్‌పాన్ ముట్టని చెయ్యి ఊపుతూ "కళ్లు మూసుకోండి" అంటాడు. ఆ గంటలో ఆయన చెప్పిన పనికొచ్చే మాట అదొక్కటే. వెనక వరుసలో గురక మొదలవుతుంది. గాఢధ్యానం అనుకుని ఆయన మురిసిపోతాడు.

"మీ అలసట ఎక్కడుందమ్మా?"

"కాళ్లలో సార్."

"కాదు తల్లీ, నీ ఆలోచనల్లో!"

మేనేజ్‌మెంటు చప్పట్లు. పిక్కల్లో ఉబ్బిన నరాలు ఆలోచనల్లోకి ఏ దారిన ఎక్కాయో మరి. తర్వాత బెలూన్లు. టెన్షనంతా అందులోకి ఊది, ఫటామని పగలగొట్టాలి. ఆ చప్పుళ్లకు పక్క వార్డులో గుండె జబ్బు పెద్దాయన ఉలిక్కిపడి బెల్ నొక్కుతాడు. పరుగెత్తేది ఆ ఫ్లోరులో మిగిలిన ఒకే ఒక్క సిస్టర్. డే డ్యూటీకి వచ్చినవాళ్లలో సగంమంది కూడా ఇక్కడే బెలూన్లు ఊదుతున్నారు మరి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది, బర్న్‌అవుట్, అంటే పనిలో మనిషి పూర్తిగా నీరసించిపోవడం, జబ్బు కాదు, పనిచేసే చోట చాలాకాలంగా సరిగా అదుపు చెయ్యని ఒత్తిడి ఫలితం అని. మన యాజమాన్యాలు 'పనిచేసే చోట' దాకా చదివి పేజీ తిప్పేసినట్టున్నాయి. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఐసీయూలో ఒకరికి ఒకరు ఉండాలన్నది భారత నర్సింగ్ కౌన్సిల్ లెక్క. రాత్రిపూట ఇరవై మంచాలకు ఒక పిల్లను వదిలేసి, పొద్దున్నే ఆమెకు శ్వాస ఎలా పీల్చాలో నేర్పుతారు!

జీతం సంగతీ తేలిందే. సుప్రీంకోర్టు చెబితే 2016లో కేంద్రం ఒక కమిటీ వేసింది. 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రి ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని, 50 పడకల లోపు ఆసుపత్రిలోనైనా 20 వేలకు తగ్గకూడదని ఆ కమిటీ అంది. ఆ కాగితం మీద ధ్యానం చేసినవాళ్లు తక్కువే. 2020లో మనమూ తక్కువ తిన్నామా, మార్చిలో పళ్లేలు మోగించాం, మేలో హెలికాప్టర్లలోంచి పూలు చల్లాం. మరుసటి ఏడాదే, కొవిడ్ వేళ తీసుకున్న అవుట్‌సోర్సింగ్ నర్సులను తెలంగాణలో తీసేస్తే, వాళ్లు రోడ్డెక్కి అరిచినా మనకు వినపడలేదు.

ఇక నవ్వడం నావల్ల కాదు. చేరిన రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు గుంజుకుని లాకర్లో పెట్టుకునే ఆసుపత్రులున్నాయి. మానేస్తానంటే, చేరేటప్పుడు రాయించుకున్న బాండు డబ్బు కట్టమంటారు. తండ్రి అప్పుచేసి చదివించిన పిల్ల కాగితాలవి! పిల్లను తాకట్టు పెట్టుకుని ఆమెకే ఆత్మసంతృప్తి మీద క్లాసు చెప్పించడానికి సిగ్గులేదా? ఆమె సంతృప్తి ఆమె చూసుకుంటుంది. ముందా లాకరు తెరిచి సర్టిఫికెట్లు ఆమె చేతిలో పెట్టండి.