ఫైల్లో మగ్గిన లెక్క

చంద్రగిరి మండలంలోని ఒక పల్లె నుంచి ఓ అమ్మాయి 2025 జూన్‌లో రేణిగుంటలో రైలెక్కి ముంబై వెళ్లింది. భర్త అమెరికా పౌరుడు. అక్కడి అమెరికా కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూ, పెళ్లయినప్పటి నుంచీ ఎదురుచూసినది. చేతిలో బరువైన ఫైలు. పెళ్లి ఫొటోలు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, పోలీస్ క్లియరెన్స్, మెడికల్ రిపోర్టు అన్నీ వరుసగా పెట్టుకుంది. కౌంటర్ అవతలి అధికారి రెండు పేజీలు తిప్పి, మీ ఆయన పోయినేడాది ట్యాక్స్ కాగితం ఏదీ అని అడిగారట. ఫైల్లో ఉన్నది 2023 లెక్క. కావలసింది 2024ది. చేతిలో ఓ చీటీ పెట్టి పంపేశారు. చీటీ మీద 221(జి) అని ఉంది. అడిగిన కాగితం ఇచ్చేదాకా వీసా ఆగినట్టేనని దాని అర్థం. అది ఆమెకు తిరుగు రైల్లో భర్త ఫోన్లో చెప్తేగానీ తెలియలేదు.

ఇందులో ఆమె తప్పు ఏముందో మాకైతే కనిపించడం లేదు. ఆ కాగితాన్ని ఆమె చూడనే లేదు. ఏజెంట్ జనవరిలో అప్‌లోడ్ చేశాడు. అప్పటికి అది సరైన కాగితమే.

భార్యకో, భర్తకో ఇమిగ్రెంట్ వీసా, అంటే అమెరికాలో స్థిరపడే వీసా, కావాలంటే అక్కడున్నవారు ఐ-864 అనే ఫారం మీద సంతకం చేయాలి. అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్ అంటారు. వచ్చే మనిషి ప్రభుత్వ సాయం మీద ఆధారపడకుండా నేను చూసుకుంటానన్న హామీ అది. ఇంటర్వ్యూకు ముందు ఫైళ్లు చూసే అమెరికా ప్రభుత్వ కార్యాలయం నేషనల్ వీసా సెంటర్‌కు దీని పరిశీలనకు 120 డాలర్లు, వీసా దరఖాస్తుకు 325 డాలర్లు కట్టి, కాగితాలన్నీ ఆన్‌లైన్లో ఎక్కిస్తారు. అన్నీ సరిపోయాయని మెయిల్ వస్తే మన ఏజెంట్లు 'డీక్యూ అయిపోయింది' అంటారు. ఇంట్లో స్వీట్లు పంచుతారు. అసలు నిరీక్షణ అప్పుడే మొదలవుతుందని మాత్రం ఎవరూ చెప్పరు. ఇంటర్వ్యూ తేదీ రావడానికి నెలలు పడుతుంది. ఈలోగా ఏప్రిల్ 15 దాటుతుంది. అమెరికాలో ట్యాక్స్ రిటర్న్ వేయడానికి అదే గడువు. అది దాటాక వెళ్లేవారిని అధికారి కొత్త ఏడాది లెక్క అడగడం మామూలే. మన ఫైల్లో పాతది మగ్గుతూ ఉంటుంది.

మారేది ట్యాక్స్ ఏడాది ఒక్కటే కాదు. సంతకం పెట్టినవారి ఆదాయం అక్కడి పేదరిక రేఖకు 125 శాతమైనా ఉండాలి. ఆ రేఖను ఏటా సవరిస్తారు. ఇద్దరున్న ఇంటికి 2024లో కావలసిన ఆదాయం 25,550 డాలర్లు, 2025లో 26,437 డాలర్లు. సాఫ్ట్‌వేర్ జీతగాడికి ఇదో లెక్క కాదు. పెట్రోలు బంకులోనో, చిన్న దుకాణంలోనో పనిచేసేవాడికి, ఈమధ్యే ఉద్యోగం ఊడినవాడికి లెక్కే. పైగా ఇంట్లో ఎందరు అన్న లెక్కలో అతను లోగడ స్పాన్సర్ చేసిన అమ్మానాన్నలు కూడా రావచ్చు. ఈ సంగతి చాలామందికి ఇంటర్వ్యూ గదిలోనే తెలుస్తుంది.

తిరుపతిలో వీసా కన్సల్టెన్సీలకు కొదవ లేదు. వాటిలో ఎక్కువ భాగం స్టూడెంట్ వీసాలతో చేయి తిరిగినవే. చిక్కంతా అక్కడే ఉందని మా అభిప్రాయం. స్టూడెంట్ వీసాకు 'ఫండ్స్ చూపించాలి'. బ్యాంకు బ్యాలెన్స్, చార్టర్డ్ అకౌంటెంట్ రాసిచ్చిన ఆస్తి విలువ, నోటరీ ముద్ర. భార్యాభర్తల ఫైలుకూ అదే మూస వాడేస్తున్నారు. అమ్మాయి తండ్రి చేత ఎకరాలకు విలువ కట్టిస్తారు. ఐ-864కు నోటరీ అక్కర్లేకపోయినా కోర్టు దగ్గర ముద్ర వేయిస్తారు. చిత్తూరులో మామిడి తోటలున్న మేనమామ నేనుంటానని ముందుకొస్తే ఆయన పేరూ రాసేస్తారు. ఆ సంతకం చెల్లదు. జాయింట్ స్పాన్సర్, అంటే భర్త ఆదాయం చాలనప్పుడు తోడుగా హామీ ఇచ్చే మనిషి, అమెరికా పౌరుడో, గ్రీన్‌కార్డు ఉన్నవాడో అయి ఉండాలి, అక్కడే నివాసం ఉండాలి. ఆస్తి దారి అసలు లేదని కాదు. పౌరుడి భార్య అయితే ఆదాయంలో తగ్గిన మొత్తానికి మూడు రెట్లు ఆస్తి చూపించవచ్చు, ఆమె ఆస్తి అయినా పనికొస్తుంది. కానీ ఏడాదిలో అమ్మి డబ్బు చేసుకోగలిగినదై ఉండాలి. అమ్మకానికి ఆంక్షలున్న డీకేటీ పట్టా భూమిని అకౌంటెంట్ చేత కోటి రూపాయలని రాయించి ఏం లాభం?

మరో విడ్డూరం. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరుపడింది. పెళ్లి సర్టిఫికెట్లో చిత్తూరు జిల్లా అని, ఆధార్‌లో తిరుపతి జిల్లా అని ఉందని నెలల తరబడి టెన్షన్ పడేవాళ్లను మేం చూశాం. అదే ఫైల్లో ట్యాక్స్ ఏడాది మారిపోయిందని ఒక్కరూ గమనించరు.

ఎందుకు గమనించరు? ఆ కాగితం వేచి ఉన్న మనిషి చేతికి రాదు గనక. జీతం ఎంతో భార్యకు చెప్పకపోవడం మన ఇళ్లలో ఇంకా మర్యాదగానే చెల్లుతోంది. ట్యాక్స్ ట్రాన్‌స్క్రిప్ట్, అంటే వేసిన రిటర్న్ వివరాల అధికారిక కాగితం, భర్త నుంచి నేరుగా ఏజెంట్ మెయిల్‌కు పోతుంది. ఏజెంట్ ప్రింట్ తీసి, మిగతావాటి మధ్య పెట్టి, చివరి రోజున ఫైలు కట్టి ఇస్తాడు. ముంబైలో అధికారి ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది మాత్రం ఆమె. భర్త సంపాదన గురించి ఏజెంట్‌కు తెలిసి, కిటికీ ముందు నిలబడే భార్యకు తెలియకపోవడాన్ని మేం మర్యాద అనలేం.

ఇంకా పెద్ద సంగతి ఉంది. ఐ-864 ఉత్తుత్తి హామీ పత్రం కాదు. 1996 నాటి అమెరికా చట్టం దాన్ని కోర్టులో నిలబడే ఒప్పందంగా మార్చింది. వచ్చిన మనిషి అక్కడి పౌరసత్వం పొందేదాకా, లేదా 40 త్రైమాసికాల పని, అంటే దాదాపు పదేళ్ల పని, లెక్కకు వచ్చేదాకా, లేదా దేశం విడిచి శాశ్వతంగా వెళ్లిపోయేదాకా అది వదలదు. ఇద్దరిలో ఎవరైనా చనిపోతేనే మధ్యలో ముగుస్తుంది. విడాకులతో ముగియదు. పోషణ కరువైతే సంతకం పెట్టినవాడిపై భార్యే దావా వేయవచ్చు. విదేశీ సంబంధాల్లో చెడిన కాపురాలు మన ప్రాంతానికి కొత్త కాదు. అయినా ఈ మాట పెళ్లికూతురికి చెప్పిన పెద్దమనిషిని మేమింతవరకు చూడలేదు. మొహమాటానికి జాయింట్ స్పాన్సర్‌గా సంతకం పెట్టే స్నేహితులకూ ఇది తెలియాలి. పెళ్లిపత్రిక మీద 'బంధుమిత్రుల అభినందనలతో' అని పేరు వేసుకున్నంత తేలిక కాదది.

జిల్లా న్యాయ సేవాధికార సంస్థ చిత్తూరులో ఉంది. పల్లెల్లో పెట్టే న్యాయ అవగాహన శిబిరాల్లో ఈ పత్రం గురించి అరగంట కేటాయిస్తే చాలు. ప్రవాసాంధ్రుల కోసం ఉన్న రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీఎన్ఆర్టీ సొసైటీ నెలకొక రోజు తిరుపతిలో మనిషిని కూర్చోబెట్టి, ఇంటర్వ్యూ తేదీ వచ్చినవారి ఫైళ్లు ఉచితంగా ఒకసారి చూసి పంపాలి. కన్సల్టెన్సీలు డీక్యూ రోజున ఫీజు పూర్తిగా వసూలు చేసుకుని చేతులు దులుపుకోవడం మానాలి. తేదీ ఖరారయ్యాక ఫైలు మళ్లీ తెరవడం కూడా ఆ ఫీజులోనే ఉండాలి.

చేయాల్సిన పని నిజానికి చిన్నది. కొత్త ట్రాన్‌స్క్రిప్ట్‌ను అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ ఉచితంగా ఇస్తుంది. దానికి డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పన్ను కోతలపై కంపెనీ ఇచ్చే ఫారం), కంపెనీ లెటర్, ఈమధ్యవి కొన్ని పే స్లిప్పులు జతచేస్తే చాలాసార్లు సరిపోతుంది. ఉద్యోగం పోయినా, ఆదాయం పడిపోయినా, ఇంట్లో మనుషులు పెరిగినా మాత్రం ఫారమే కొత్తగా నింపి, స్పాన్సరే స్వయంగా సంతకం పెట్టాలి. టైమ్ లేదని ఇక్కడ బావమరిది చేత పెట్టించే సంతకం మోసం కిందికి వస్తుంది. అమ్మానాన్నలను చూసుకోవడానికి వచ్చి రెండేళ్లుగా ఇక్కడే ఉండిపోయిన అమెరికా పౌరుల పని మాత్రం ఇంత సులువు కాదు. వాళ్లు అక్కడ తమకు నివాసం ఉందనో, భార్యతో పాటే తిరిగి వెళ్తున్నామనో రుజువు చూపించాలి.

చంద్రగిరి అమ్మాయికి భర్త ట్రాన్‌స్క్రిప్ట్ పంపాడు, ఈసారి ఆమె మెయిల్‌కే. చీటీలో చెప్పిన పద్ధతిలో దాన్ని సమర్పించింది. అడిగినవి ఇవ్వడానికి ఏడాది గడువు ఉంటుంది, అది దాటితే ఫీజుతో సహా మళ్లీ మొదటికి రావాలి. ఆమె మూడు వారాల్లో ఇచ్చేసింది. భర్త జీతమెంతో ఆమెకు తెలిసింది ఆ ప్రింట్ తీసుకున్న జిరాక్స్ షాపులోనే.