బాపట్ల ఖాతాలో కనిపించని రాబడి

సన్నబియ్యం అనగానే మన ఇళ్లలో ముందుగా వినిపించే పేర్లలో బీపీటీ ఒకటి. బస్తా మీద ఏ మిల్లు బొమ్మ ఉన్నా, ఆ మూడక్షరాలు బాపట్లవి. అప్పటి ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు అక్కడ రూపొందించిన బీపీటీ 5204, 1986లో ‘సాంబ మసూరి’గా విడుదలైంది. విశ్వవిద్యాలయ పరిశోధన వల్ల దేశానికి ఏం ఒరిగిందని అడిగేవారికి నేను ఈ బియ్యాన్నే చూపిస్తాను.

కొత్త వరి రకం ఎలా పుడుతుందో దగ్గరగా చూడాలి. అప్పుడే పొట్ట వీడుతున్న వెన్నులో ఒక్కో పువ్వు కొనను చిన్న కత్తెరతో కత్తిరించి, లోపలి ఆరు పుప్పొడి తిత్తులనూ తీసేస్తారు. వెన్నుకు కాగితపు సంచి తొడుగుతారు. తండ్రి మొక్క పూలు విచ్చుకునే వేళకు ఆ పుప్పొడిని తెచ్చి దీని మీద దులుపుతారు. ఇంతా చేస్తే పువ్వుకు దక్కేది ఒక్క గింజ. ఆ గింజతో మొదలుపెట్టి, గుణాలు నిలకడపడే దాకా తరం తర్వాత తరం నాటుతూ, ఏరుతూ, పనికిరానివి పారేస్తూ పోవాలి. ఆ తర్వాత రైతుల పొలాల్లో పరీక్షలు. పదేళ్లు ఇట్టే గడిచిపోతాయి.

లాభం చూసుకునే కంపెనీ ఈ పనికి ఎందుకు ముందుకు రాదో రైతుకు బాగా తెలుసు. ఇలాంటి రకాల్లో ఈ ఏటి వడ్లే వచ్చే ఏటికి విత్తనం. ఒకసారి కొన్నవాడు మళ్లీ కొనాల్సిన పని లేదు. అందుకే సాంబ మసూరి సృష్టించిన సంపద విశ్వవిద్యాలయం ఖాతాలో కనిపించదు. అది రైతు అమ్మకంలో, మిల్లరు వ్యాపారంలో, లారీ కిరాయిలో, హమాలీ కూలిలో కలిసిపోయింది. అలాంటి సంస్థను పట్టుకుని ‘మీ సొంత ఆదాయం ఎంత?’ అని అడగడం అన్యాయం.

ఈ రకాన్ని బాక్టీరియా ఎండాకు తెగులు పీడించేది. దానికి విరుగుడు ఎంత దూరం నుంచి వచ్చిందో చూడండి. ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిలో తెగులును తట్టుకునే జన్యువు ఉంది. 1995లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో పమేలా రోనాల్డ్ బృందం దాన్ని వేరుచేసి చూపింది. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), వరి పరిశోధన సంచాలకాలయం కలిసి ఆ జన్యువునూ, మరో రెండింటినీ సంకరం ద్వారానే, అంటే పైన చెప్పిన పుప్పొడి పద్ధతిలోనే, సాంబ మసూరిలోకి తెచ్చాయి. 2008లో మెరుగైన సాంబ మసూరి విడుదలైంది. 2025లో కేంద్రం ప్రకటించిన జన్యు సవరణ రకం (మొక్క సొంత జన్యువులోనే మార్పు చేసినది) ‘కమల’ కూడా సాంబ మసూరి నుంచి మలిచినదే. 1986 నాటి పని ఇంకా పిల్లలు పెడుతూనే ఉంది.

2020-21లో మన దేశం పరిశోధన మీద ఖర్చుపెట్టింది జీడీపీలో 0.64 శాతం. అందులో ఉన్నత విద్యాసంస్థల వంతు పదో వంతు కూడా లేదు. కొత్త భవనాల కంటే ముందు కావలసింది మనుషులు. శాస్త్రవేత్త పదవీ విరమణకు కనీసం రెండేళ్ల ముందే ఆ పని అందుకునే వారిని నియమించాలి. ఖాళీని తర్వాత నింపుకోవచ్చులే అనుకోవడానికి వరి మడి ఆగదు. పంటకు పూత ఒక్కసారే. ఒక్కో పువ్వు విచ్చుకుని ఉండేది గంటో రెండు గంటలో. నోటు పుస్తకంలో ఏ వరుస ఏ సంకరానిదో తెలిసిన మనిషి ఆ రోజు గట్టు మీద లేకపోతే, ఆరేడు తరాలుగా ఏరుకుంటూ వచ్చిన మొక్కలు మామూలు వడ్లతో కలిసి కోతకు వెళ్లిపోతాయి.