అప్పు ఆమె పేరిట, ఆస్తి ఎవరి పేరిట?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై తిరగబడినప్పుడు లోకానికి ముందుగా కనిపించింది తాగుడు సమస్య. దాని అడుగున ఉన్నది ఇంటి డబ్బు ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న. అక్షరాస్యత ఉద్యమపు రాత్రి బడుల్లో కూడబలుక్కున్న కూలీ మహిళలు, మగవాడి కూలి సారాకు పోతుంటే సంసారం తమ రెక్కల మీదే నడుస్తోందని గుర్తించి, సారా వేలంపాటలను అడ్డుకుని, 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధాన్ని సాధించారు. రోజుకో రూపాయి దాచుకునే పొదుపు ఉద్యమం ఆ వేడిలోనే ఈ జిల్లాలో ఊపందుకుంది.

ఆ పొదుపు ఊళ్లను మార్చింది. కాన్పు ఖర్చుకో, పిల్లల ఫీజుకో వడ్డీ వ్యాపారి గడప తొక్కాల్సిన అగత్యం తగ్గింది. అమ్మాయిని పై చదువుకు పంపే విషయంలో తల్లి మాటకు విలువ వచ్చింది. ఇది చిన్న మార్పు కాదు.

అయితే ఈ మహిళల పొదుపు గ్రూపుకు బ్యాంకు రుణం అందిన రోజు నుంచి ఏం జరుగుతోందో కూడా చూడాలి. తీర్మానం మీద సంతకం ఆమెది. బోరుకో, పాత బాకీకో ఆ సొమ్మును ఖర్చుపెట్టేది చాలా ఇళ్లలో భర్త. కిస్తీ తేదీ దగ్గరపడితే మళ్లీ ఆమే వెతుక్కోవాలి. ఒకరు కట్టకపోతే గ్రూపు మొత్తానికి కొత్త రుణం ఆగుతుంది గనుక, తోటి సభ్యులు వచ్చి అరుగు మీద కూర్చునేది ఆమె కోసమే. మాట పడేదీ ఆమే.

ప్రకాశం జిల్లా పొగాకు పల్లెల్లో ఇదే తీరు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. బ్యారన్‌లో, అంటే పచ్చి పొగాకును వేడితో ఆరబెట్టే గదిలో, కాల్చి తీసిన ఆకును కింద కూర్చుని, రంగు చూసి, మచ్చ చూసి వేరు చేసేది ఆడవాళ్లు. వేలంలో పలికే ధరకు ఆ చేతిపనే ఆధారం. కొండపి, టంగుటూరు వేలం కేంద్రాల్లో అమ్మిన బేళ్ల సొమ్ము మాత్రం ఎక్కువగా మగవారి ఖాతాల్లో పడుతుంది. పొలం పనుల్లో ఆడకూలి మగకూలి కన్నా తక్కువ ఉండటం నేటికీ ఎవరినీ నొప్పించకపోవడం మమ్మల్ని బాధిస్తోంది.

ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన హక్కు మన రాష్ట్రంలో 1985 నుంచీ, దేశమంతటా 2005 నుంచీ ఉంది. పసుపు కుంకుమల కింద ఇచ్చింది చాలదా అని ఆడపిల్ల చేత హక్కు విడుదల పత్రం రాయించుకునే పెద్దలు, అదే ఇంట్లో కోడలి పేరిట వచ్చే రుణాన్ని కాదనరు.

ఎంత రుణం ఇచ్చాం, ఎంత వసూలైంది అన్న లెక్కలు అధికారులు ఏటా చెబుతున్నారు. ఆ రుణంతో కొన్న గేదె, యంత్రం, సెంటు భూమి ఎవరి పేరిట ఉన్నాయో కూడా మండలాల వారీగా ప్రకటించాలి. భార్యాభర్తలిద్దరూ సాగుచేసే పొలానికి ఇద్దరి పేర్లతో పాసుపుస్తకం ఇచ్చేందుకు రెవెన్యూ శాఖ గ్రామసభల్లోనే దరఖాస్తులు తీసుకోవాలి. నెల్లూరు, ప్రకాశం కలెక్టర్లు వచ్చే రుణ విడత నుంచే ఈ పని మొదలుపెట్టవచ్చు.