పదకొండు రోజుల్లో ఎవరూ పెద్దవాళ్ళైపోరు

పోయిన వారం కర్నూలు పాతబస్తీలో ఒక చావింటికి వెళ్ళొచ్చాను. పోయినాయనకు నలభై రెండేళ్ళు. కొడుకు ఐదో తరగతి. పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషీ ఆ పిల్లాడి నెత్తిన చెయ్యి పెట్టి ఒకటే మాట: "ఇంక నువ్వే ఇంటికి పెద్దోడివి నాయనా. ఏడ్వగూడదు. మీయమ్మను నువ్వే చూసుకోవల్ల." వాడు అందరికీ తలూపుతున్నాడు. కుడి చెప్పు ఎడమ కాలికి, ఎడమది కుడికాలికి వేసుకున్నాడు. అది సరిచేసే తీరిక ఒక్కరికీ లేదు. పెద్దరికం అప్పజెప్పే తీరిక మాత్రం అందరికీ ఉంది.

నేనూ ఏమీ అనలేదు. అదే నా కోపం. హైదరాబాద్ బస్సెక్కి అలంపూర్ చౌరస్తా దాటేదాకా పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నా. ఆ పిల్లాడికి చెప్పలేకపోయిన మాటలు పన్నెండేళ్ళప్పటి నాకైనా చెప్పుకుందామని ఇది రాస్తున్నా. పొడుగుంటుంది. ఓపికుంటేనే చదవండి.

పాపా, అది 1997 ఫిబ్రవరి. ఆ ఏడు రంజాన్ ఫిబ్రవరిలో వచ్చింది. పండగ బట్టలని నాయన పదిహేను రోజులుగా రాత్రిళ్ళు కూడా షాపులోనే ఉండి కుడుతున్నాడు. ఒక పొద్దున మిషను మీదే ఒరిగిపోయాడు. గుండెపోటు అన్నారు. నీకు మాత్రం "నాయన ఆస్పత్రికి పోయినాడు, వస్తాడు" అని చెప్పి పక్కింట్లో కూర్చోబెట్టారు. పన్నెండేళ్ళ పిల్లకు! నువ్వు వాళ్ళ కిటికీ ఊచల్లోంచి పాడె కట్టడం చూశావు.

పిల్లలకు నిజం చెప్పకపోతే, వాళ్ళే ఒక కారణం వెతుక్కుంటారు. ఎక్కువగా ఆ కారణం వాళ్ళే అవుతారు. ముందురోజు గైడు కొనిమ్మని అలిగి అన్నం తినకుండా పడుకున్నావు కదా, అందుకే నాయన గుండె ఆగిపోయిందని పదో తరగతి దాకా నమ్మావు. ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఎవరూ కాదనలేదు. ఇప్పుడు నేను చెప్తున్నా: కాదు. రోజుకు రెండు కట్టల బీడీలు, నిద్ర లేని రాత్రులు, ఛాతీలో మంటంటే సోడా తాగి మళ్ళీ మిషనెక్కడం. మీ తాతకూ గుండెజబ్బే. నీ గైడుకు ఇందులో ఏ పాత్రా లేదు.

ఎనిమిదో రోజు నువ్వు వీధిలో తొక్కుడుబిళ్ళ ఆడావు. ఆడుతూ పకపకా నవ్వావు. మీ జేజి బయటికొచ్చి అందరి ముందూ వీపు మీద ఒక్కటిచ్చింది. "తండ్రి పోయి పది రోజులు కాలేదు, సిగ్గు లేదా" అంది. ఆ దెబ్బ ఇప్పటికీ నా వీపు మీద ఉంది. పిల్లల దుఃఖం అలాగే ఉంటుందని తర్వాత తెలిసింది. కాసేపు ఏడుస్తారు, లేచి ఆడుకుంటారు, మళ్ళీ రాత్రికి వచ్చి అమ్మ కొంగు పట్టుకుంటారు. పెద్దవాళ్ళలా రోజంతా మోయడం వాళ్ళ చేత కాదు, కాబట్టి కొంచెం కొంచెంగా మోస్తారు. ఇది ఏ డాక్టరు చెప్పినా చెప్పకపోయినా, ఒకసారి పిల్లల్ని పరీక్షగా చూస్తే తెలిసేదే. చూసేదెవరు? జేజి మీద నాకు కోపం లేదు. ఆమెకు పోయింది కొడుకు.

పదో రోజు గురించి ఎక్కువ రాయను. అమ్మ చేతి గాజులు తీయించడం నువ్వు చూశావు. అది చూడకూడదని నిన్నెవరూ పక్కకు తీసుకుపోలేదు, ఆ పని చెయ్యకూడదని అక్కడ ఒక్కరికీ తోచలేదు. ఆచారం పేరుతో చేసిన ఆ పనిని నేను ఇప్పటికీ క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా లేదు.

ఆడపిల్ల శ్మశానానికి రాకూడదన్నారు. తలకొరివి చిన్నాయన పెట్టాడు. సరే. ఆరేళ్ళకు, నీకు పద్దెనిమిది నిండగానే, ఆ చిన్నాయనే పళ్ళు తీసుకుని ఇంటికొచ్చాడు. నందికొట్కూరు దగ్గరి ఎకరం ముప్పై సెంట్లలో నీ సంతకం కావాలట. మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు వాటా 1985 నుంచే ఉంది. చితి దగ్గర పనికిరాని ఆడపిల్ల రిజిస్ట్రారాఫీసులో ఎంత ముఖ్యమో ఆ రోజు చూశాను. పాపా, ఆ రోజు నువ్వు పెన్ను మూత కూడా తియ్యకుండా "ఆలోచించి చెప్తా చిన్నాయనా" అన్నావు చూడు, నీ జీవితంలో నేను మెచ్చుకునే మొదటి పని అదే.

బడిలో ఒక టీచరు, ఏదో స్కాలర్‌షిప్పు లిస్టు రాయడానికి, "తండ్రి లేనోళ్ళు నిలబడండి" అన్నాడు. నువ్వు నిలబడలేదు. డబ్బులు పోయాయి, అమ్మ తిట్టింది. నిలబడకపోవడమే కరెక్టని ఇప్పటికీ అంటాను. పిలిచి ఒంటరిగా అడిగుంటే సరిపోయేది.

నాయన గురించి నీతో మాట్లాడిన మనిషి ఒక్కరే, పక్కింటి ఖాలా. మిగతావాళ్ళంతా ఆయన పేరెత్తితే నువ్వు ఏడుస్తావని భయపడ్డారు. ఆమె మాత్రం పండగ రోజు నిన్ను వాళ్ళింట్లో కూర్చోబెట్టి, షీర్ ఖుర్మా పెట్టి, ఒక కుర్తా తెచ్చి చూపించింది. వాళ్ళబ్బాయిది. మిషను మీద ఉండిపోయింది అదే. ఒక చెయ్యి కుట్టుంది, ఒక చెయ్యి లేదు. "ఇంకో టైలరుకు ఇయ్యను బేటా, మీ నాయన కుట్టింది ఇట్లే ఉండనీ" అంది. తర్వాత నాయన ఎంత మంచోడో చెప్పకుండా, ఎంత అబద్ధాలకోరో చెప్పింది. శుక్రవారం ఇస్తానని ఎన్ని శుక్రవారాలు తిప్పాడో లెక్కపెట్టి చెప్పింది. నువ్వు నవ్వావు, నవ్వుతూ ఏడ్చావు. ఆ ఏడాది నువ్వు సరిగ్గా ఏడ్చింది ఆ ఒక్క పూటే. చావింటికి వెళ్ళేవాళ్ళు ధైర్యం చెప్పడం మాని, పోయిన మనిషి గురించి ఒక్క కథ చెప్పి రండి. అంతకు మించి ఏమీ చెయ్యక్కర్లేదు.

అమ్మ దగ్గరికొద్దాం. "అమ్మ ముందు ఏడ్వద్దు, ఆమె తట్టుకోలేదు" అని నీకు చెప్పారు. "పిల్ల ముందు ఏడ్వద్దు, బెంబేలు పడుతుంది" అని ఆమెకు చెప్పారు. ఇద్దరూ బుద్ధిగా విన్నారు. ఒకే గదిలో, ఒకే దుప్పటి కింద, పన్నెండేళ్ళు. అమ్మకు నాయన మీద ప్రేమ లేదేమోనని కూడా నువ్వు అనుకున్నావు. 2009 సెప్టెంబరులో ముఖ్యమంత్రి హెలికాప్టరు నల్లమలలో పావురాల గుట్ట దగ్గర కూలింది. అప్పట్లో అది మా జిల్లానే. వీధి వీధంతా టీవీల ముందు ఏడ్చింది. అమ్మ కూడా ఏడ్చింది. మామూలుగా కాదు, నేల మీద కూర్చుని, తల గోడకు కొట్టుకుంటూ, గంటసేపు. నేను నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడ్డా. ఆమె ఎవరి కోసం ఏడుస్తోందో నాకు అప్పుడు తెలిసింది. పరాయివాళ్ళ చావుకైతే ఏడ్వొచ్చు, ఎవరూ ఏమనరు. పాపా, నువ్వు మొదటి రాత్రే అమ్మ ముందు ఏడ్చెయ్. ఆమె తట్టుకుంటుంది. తట్టుకోలేనిది నీ మౌనమే.

సరిగ్గా నెలకు, అక్టోబరు 2న, కర్నూలు మునిగింది. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి మీదికొచ్చాయి. కింద శ్రీశైలం 19 లక్షల క్యూసెక్కులకు కట్టిన డ్యాం, దానికి దాదాపు 25 లక్షలు వచ్చి పడ్డాయి, నీళ్ళు ఊరి మీదికి వెనక్కి తన్నాయి. అమ్మ పక్కవాళ్ళ మిద్దె మీద రెండు రోజులు కూర్చుంది. నేను హైదరాబాదులో, ఫోను కలవదు, దారుల్లేవు. అమ్మ బతికింది. ఇంట్లో నాయన కొలతల పుస్తకం పోయింది. ఎర్ర అట్ట రూళ్ళ నోటుబుక్కు. అందులో పాతబస్తీ సగం మంది నడుం చుట్టుకొలతలున్నాయి. చివరి పేజీలో నావి. ప్రతి జూన్‌లో బడి పావడాకు కొలిచి రాసేవాడు. ఒకటో తరగతి నుంచి ఏడో తరగతి దాకా ఏడు వరసలు. పుస్తకం దొరికింది గానీ బురద ముద్ద. ఆరబెట్టినా అక్షరం మిగల్లేదు. ఆ రోజు నేను పన్నెండేళ్ళ పిల్లలా ఏడ్చాను, నాకు అప్పటికి ఇరవై నాలుగు. "ఇన్నాళ్ళకు మళ్ళీ ఏందిది" అని ఒకరిద్దరు బంధువులు విసుక్కున్నారు కూడా.

ఇంకొకటి. వాట్సాప్‌లో "దుఃఖానికి ఐదు దశలు" అని బొమ్మ తిరుగుతుంటుంది. ఆ ఐదూ ఎలిజబెత్ కూబ్లర్ రాస్ అనే డాక్టరు 1969లో చెప్పినవి. ఆమె చెప్పింది చావుకు దగ్గరపడ్డ రోగుల గురించి. మిగిలిపోయినవాళ్ళకు ఆ మెట్లు తర్వాత అంటగట్టారు. నాకైతే మెట్లు లేవు, పుష్కరాలున్నాయి. 1996 డిసెంబరు చివర్లో తుంగభద్ర పుష్కరాలకు నాయన నన్ను తీసుకెళ్ళి ముక్కు పట్టుకుని మూడు మునకలు వేయించాడు. నెలన్నరకు లేడు. 2008 పుష్కరాలకు ఆఫీసులో సెలవు లేదని అబద్ధం చెప్పి రాలేదు. 2020లో కరోనా, నదిలో దిగనివ్వలేదు, పైపుల కింద జల్లు స్నానాలు. ఆడవాళ్ళు పిండం పెట్టరని మొదటి పంతులు లేచిపోయాడు. రెండో ఆయన వయసులో చిన్నోడు, "కూర్చోమ్మా" అన్నాడు. నా ముప్పై ఐదో ఏట నాయన పేరు, గోత్రం నా నోటితో పైకి చెప్పాను. మళ్ళీ 2032లో ఏమవుతుందో చూడాలి.

(ఇప్పటి పిల్లలకు 14416 అని టెలిమానస్ నంబరుంది, మనసు బాగాలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. ఐదో తరగతి పిల్లాడు తనంతట తాను చెయ్యలేడు, వాళ్ళమ్మకు ఇవ్వండి. నేను ఇందాకే ఆ ఇంటికి పంపాను.)

చివరగా ఆ నీలం పావడా సంగతి. 1996 జూన్‌లో కుట్టాడు, ఏడో తరగతికి. ఎప్పటిలాగే "ఎదిగే పిల్ల, గుడ్డ వదలల్ల" అని కింద రెండు ఇంచీలు లోపలికి మడిచి కుట్టాడు. మరుసటి జూన్‌కు నువ్వు ఎదిగావు. కొత్తది కొనే డబ్బుల్లేవు, అమ్మ కూర్చుని ఆ కుట్టు విప్పింది. పావడా అంతా వెలిసిపోయింది, విప్పిన రెండు ఇంచీలు మాత్రం కొత్త గుడ్డలా ముదురు నీలం. క్లాసులో "రెండు రంగుల పావడా" అని నవ్వారు. నువ్వు ఇంటికొచ్చి దాన్ని మూలకు విసిరికొట్టి, చచ్చినా తొడగనన్నావు. వారం తర్వాత పాతబట్టలకు స్టీలు సామాన్లిచ్చేవాడు వీధిలోకొస్తే, నాయన చొక్కాలు రెండు, ఆ పావడా కలిపి వేశావు. అమ్మ చూస్తూ ఊరుకుంది. ఒక గిన్నె వచ్చింది.

వరదలో పుస్తకం పోయింది, ఫోటోలు పోయాయి, మిషను తుప్పు పట్టి పనికిరాకుండా పోయింది. ఆ గిన్నె మాత్రం బురద కడిగితే మెరిసింది. ఒక పక్క సొట్ట. అమ్మ రాత్రి దాంట్లోనే పెరుగు తోడేసి పడుకుంది.